నీటిలో చేపకు చాటు లేని కాలం

చెరువుగట్టున వెదురుకర్ర పట్టుకొని, బెండు మునిగే క్షణం కోసం ఓపికగా కూర్చోవడం సరిహద్దు పల్లెల్లో తరతరాలుగా వస్తున్న వినోదం. హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో ఇది తాత నుండి మనుమడికి సంక్రమించిన విద్య. ఏ మడుగులో జెల్ల దాగి ఉంటుందో, ఏ తూటికాడల నడుమ కొరమీను తన పిల్లలను కాచుకొని తిరుగుతుందో చెప్పడానికి ఏళ్ల తరబడి నీటిని చూసిన కన్ను కావలసి ఉండేది. ఆ కన్ను చేసే పనిని ఇప్పుడు యంత్రం చేస్తున్నది.

జీవనోపాధికి వల వేయడం వేరు, సరదాకు గాలం వేయడం వేరు. ఈ రెండవదానినే వినోదపు వేట అంటారు. నీటి అడుగును తెరమీద చూపే సోనార్, చోటును గుర్తుపెట్టుకొనే జీపీఎస్, వెంట్రుకంత సన్నగా ఉండి బరువైన చేపను ఆపగల అల్లిక దారం, ఎరను దూరాన విడిచివచ్చే డ్రోన్, పట్టిన చేపను క్షణంలో లోకానికి చూపే సెల్‌ఫోన్ ఇవన్నీ ఈ వినోదంలోకి ప్రవేశించాయి. వీటివల్ల వేటగాడికి కలిగిన లాభం స్పష్టమే. చేపకు, నదికి, వాటిని కాపాడవలసిన ప్రభుత్వ శాఖలకు ఏమి జరిగింది అన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. ఆ ప్రశ్నకు విలువైన పాఠం ఒకటి కర్ణాటక, తమిళనాడుల నడుమ సరిహద్దుగా పారే కావేరిలోనే ఉన్నది. దానిని గ్రహించాలంటే ముందుగా ఈ యంత్రాల పనితీరును తెలుసుకోవాలి.

యంత్రం నీటిలోకి ఎలా చూస్తుంది?

సోనార్ పనిచేసేది వెలుతురుతో కాదు, శబ్దంతో. కొండకు ఎదురుగా నిలబడి కేక వేస్తే ప్రతిధ్వని వినిపించడం అందరికీ తెలిసిన విషయమే. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తే, నీటిలో సుమారు 1,500 మీటర్లు ప్రయాణిస్తుంది. పడవ అడుగున అమర్చిన పరికరం మనిషి చెవికి అందని శబ్దాన్ని నీటిలోకి పంపి, అది తిరిగివచ్చేందుకు పట్టిన కాలాన్ని కొలుస్తుంది. సెకనులో నూరవ వంతులో ప్రతిధ్వని వచ్చినదనుకుంటే, శబ్దం పోయివచ్చిన దూరం 15 మీటర్లు. అంటే అడ్డువచ్చిన వస్తువు ఏడున్నర మీటర్ల దూరాన ఉన్నట్లు. చేప పొట్టలో తేలడానికి సాయపడే గాలితిత్తి ఒకటి ఉంటుంది. నీటికి, గాలికి గల తేడావల్ల ఆ తిత్తి శబ్దాన్ని బలంగా తిప్పికొడుతుంది. ఆ విధంగా చేపను నీటిలో నిలబెట్టే అవయవమే దానిని యంత్రానికి పట్టియిస్తున్నది.

ఇటువంటి చిన్న పరికరాలు అమెరికాలో 1950ల చివర నుండే గాలపువేటగాళ్ల చేతికి వచ్చాయి. అయితే అవి పడవ కింద ఉన్నదానిని మాత్రమే, అదికూడా గీతలుగా చూపేవి. 2018లో గార్మిన్ సంస్థ లైవ్‌స్కోప్ అనే పరికరాన్ని విడుదల చేసిన తరువాత పరిస్థితి మారిపోయింది. ఇది పడవకు ముందువైపు నీటిని చలనచిత్రం వలె చూపుతుంది. చేప ఏ వైపు తిరిగినది, ఎరను చూసి దగ్గరకు వచ్చినదా, వెనుకకు తగ్గినదా అన్నది కూడా తెరమీద కనిపిస్తుంది. ఒకప్పుడు వేటగాడు నీటిలో గాలం వేసి చేప కోసం ఎదురుచూసేవాడు. ఇప్పుడు చేపను చూసిన తరువాతనే గాలం వేస్తున్నాడు.

దీనికి జీపీఎస్ తోడైనది. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం ఉపగ్రహ సంకేతాలలో కావాలని ఉంచిన పొరపాటును తొలగించడంతో, అంతవరకు నూరు మీటర్ల మేర తప్పు చూపగల పౌరుల పరికరాలు ఒక్కసారిగా పది, ఇరవై మీటర్ల ఖచ్చితత్వానికి వచ్చాయి. ఒకనాడు దొరికిన మడుగును మరునాడు పొగమంచులోనైనా తిరిగి చేరవచ్చు. ఆ చోటును వీడియోలో పెడితే, ఒక తరం కష్టపడి తెలుసుకొన్న రహస్యం ఒక్క సాయంత్రంలో వేలమందికి తెలిసిపోతుంది.

కష్టమే కాపలాగా ఉన్నప్పుడు

పూర్వం చాలా నీళ్లకు రాతలో నియమాలు లేకున్నా చేపలు మిగిలేవి. కారణం మనిషి మంచితనం ఒక్కటే కాదు, పట్టడం కష్టం. లోతు, బురద, చీకటి, దూరం చేపకు కోటగోడలుగా ఉండేవి. యంత్రాలు ఆ గోడలను ఒక్కొక్కటిగా కూల్చాయి. కష్టం విధించిన హద్దు పోయినచోట, నియమం హద్దు గీయవలసి ఉంటుంది. నియమం గీయాలంటే ఎన్ని చేపలున్నవో, ఎన్ని పోతున్నవో లెక్క తెలియాలి.

ఆ లెక్కలో ఒక మోసం దాగి ఉన్నది. గాదెలో ధాన్యం తగ్గుతున్నా, మిగిలిన గింజలున్న మూలకే చేట నేరుగా పోతుంటే చేటెడు గింజలు వస్తూనే ఉంటాయి. గాదె అడుగంటిన నాడు మాత్రమే సంగతి బయటపడుతుంది. యంత్రం ఉన్న వేటగాడు చేపలు గుమిగూడిన చోటికే పోతాడు కాబట్టి, నదిలో చేప తగ్గినా అతని సంచిలో తగ్గదు. "చేపలు బాగానే పడుతున్నాయి" అన్న మాటను నమ్మి నిర్ణయం చేసే అధికారి ఈ విధంగా మోసపోతాడు.

అందుచేత కొన్ని దేశాల్లో నియమాలు యంత్రాన్ని దృష్టిలో ఉంచుకొని మారాయి. దక్షిణాఫ్రికా ప్రభుత్వ శాఖ 2022 ఫిబ్రవరిలో, సముద్రతీరపు వినోదపు వేటలో ఎరను మోసుకుపోయే డ్రోన్ల వంటి మోటారు పరికరాలను వాడటం చట్టవిరుద్ధమని ప్రకటించింది. అమెరికాలోని వృత్తి పోటీలలో ఒకటైన బాస్ ప్రో టూర్ 2025లో ముందుచూపు సోనార్‌ను రోజులోని మూడు విడతలలో ఒక విడతకే పరిమితం చేసింది. బహుమతి డబ్బు, పరికరాల అమ్మకం ముడివడి ఉన్న పోటీలే హద్దు గీసుకొన్నాయంటే మార్పు తీవ్రత అర్థమవుతుంది.

అదే అమెరికాలో యంత్రం లెక్కకు ఉపకరించిన ఉదాహరణ కూడా ఉన్నది. మెక్సికో సింధుశాఖలో రెడ్ స్నాపర్ అనే ఎర్రచేపకోసం సరదా వేటగాళ్లు పెద్దసంఖ్యలో పోతారు. మిసిసిపీ రాష్ట్రం 2015లో ఒక నియమం తెచ్చింది. పడవ బయలుదేరే ముందే ఫోనులోగాని, ఇంటర్నెట్‌లోగాని నమోదు చేసుకొని ఆ ప్రయాణానికి ఒక సంఖ్య పొందాలి. తిరిగివచ్చాక ఎన్ని పట్టినదీ తెలియజేయాలి. పాత లెక్క చెప్పకుండా కొత్త సంఖ్య రాదు. దీనివల్ల ఆ ఏటి కోటా ఎంత ఖర్చయినదో వేట సాగుతుండగానే తెలుస్తుంది. చేపను వెదికే ఫోను, చేపను లెక్కపెట్టే చిట్టా కూడా కాగలదని దీని భావం.

కావేరిలో రాసిపెట్టిన చిట్టా

ఇప్పుడు కావేరికి వద్దాము. ఈ నదిలోని మూపురపు మహసీరు ప్రపంచంలోని అతిపెద్ద మంచినీటి గండిచేపలలో ఒకటి. వీపు మీద మూపురం, బంగారు వన్నె, నారింజరంగు రెక్కలు దీని గుర్తులు. కన్నడిగులు మహసీరును బిళిమీను అంటారు. 1873లో మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెచ్.ఎస్. థామస్ గాలపువేట మీద రాసిన పుస్తకంతో దక్షిణాది మహసీరు పేరు ఇంగ్లండు వరకు పాకింది. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ కుటుంబీకుడొకరు కబినిలో 120 పౌనుల, అంటే సుమారు 54 కిలోల చేపను గాలంతో పట్టారు.

1970ల చివర నుండి విదేశీయులు మళ్లీ రాసాగారు. సంగమం, మేకెదాటు పరిసరాల అడవుల్లో గాలిబోరె, దొడ్డమక్కళ్లి, భీమేశ్వరి శిబిరాలు వెలిశాయి. పుట్టిలో కూర్చొని, ఈ ప్రాంతపు ప్రతి ఇంటిలో వండే రాగిముద్దనే ఎరగా గుచ్చి, చేపను పట్టి, తూచి, తిరిగి నీటిలో విడిచిపెట్టడం అక్కడి పద్ధతి. పూర్వం దొంగతనంగా చేపలు పట్టిన స్థానికులు కొందరు ఆ శిబిరాల్లో పుట్టి నడిపేవారుగా, నది కాపలాదారులుగా మారారు. బ్రతికున్న చేప వల్ల జీతం వస్తుంది కాబట్టి నాటుబాంబులు వేసేవారిని వారే అడ్డుకొన్నారు.

గాలిబోరె శిబిరంలో మరొక మంచి అలవాటు ఉండేది. ఎవరు ఎంతసేపు గాలం వేసినదీ, ఏ చేప ఎంత బరువు తూగినదీ పుస్తకంలో రాసేవారు. 1998 నుండి 2012 వరకు ఆ పుస్తకాల్లో ఆరు వేలకు పైగా మహసీరుల వివరాలు చేరాయి. ఏ ప్రభుత్వ శాఖ వద్దా ఈ నదీభాగానికి అటువంటి వరుస లెక్క లేదు. ఏడ్రియన్ పిండర్, రాజీవ్ రాఘవన్, రాబర్ట్ బ్రిటన్ అనే శాస్త్రవేత్తలు ఆ పుస్తకాలను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు.

మొత్తం చూస్తే లెక్క ఆనందం కలిగించేదే. గంటకు పడే చేపల సంఖ్య ఏటేటా పెరిగింది. అయితే రంగులవారీగా విడదీసి చూసినప్పుడు వేరొక కథ బయటపడింది. పెరిగినది నీలిరెక్కల మహసీరు. అది కావేరి చేప కాదు. 1970ల నుండి మహారాష్ట్రలోని లోనావాలా కేంద్రంలో పెంచిన పిల్లలను, మహసీరు జాతిని కాపాడుతున్నామన్న సదుద్దేశంతోనే, దేశంలోని అనేక నదులలో విడిచారు. కావేరి కూడా వాటిలో ఒకటి. నదికి సొంతమైన మూపురపు మహసీరు మాత్రం అరుదైపోతూ వచ్చింది. పడిన కొద్ది చేపలూ ఏటికేడు మరింత పెద్దవిగా ఉన్నాయి. పెద్ద చేప పడటం వేటగాడికి సంతోషమే. శాస్త్రవేత్తకు మాత్రం అది అపాయ సూచన. ఊళ్లో ముసలివారు మాత్రమే కనిపించి, ఒక్క ఇంటిలోనూ ఊయల కనిపించకుంటే ఆ ఊరి భవిష్యత్తు ఏమిటో, ఇదీ అంతే.

మరొక విచిత్రం, ఇంత ప్రసిద్ధి పొందిన చేపకు అప్పటికి ఖాయమైన శాస్త్రీయ నామం లేదు. పేరులేని జీవిని అంతర్జాతీయ ఎర్ర జాబితాలో చేర్చడం సాధారణంగా సాధ్యం కాదు. కావేరి ఉపనది అయిన పాంబారులో, కేరళ భాగాన దొరికిన చిన్న చేపలకు అంతకుముందే టోర్ రెమాదేవి అన్న పేరు పెట్టి ఉన్నారు. శరీర లక్షణాలను, డీఎన్ఏను పోల్చి చూసి, ఆ చేపా ఈ మూపురపు మహసీరూ ఒకటేనని 2018లో తేల్చారు. అదే సంవత్సరం అది తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా జాబితాకెక్కింది. ఇప్పుడు దాని ముఖ్యమైన ఆశ్రయం తమిళనాడులోని మోయారు నది.

ఈ నష్టానికి గాలపువేట యంత్రాలు కారణమని చెప్పడం న్యాయం కాదు. బయటి జాతిని విడవడం, ఆనకట్టలు, నీటి తగ్గుదల, ఇసుక తవ్వకం, పేలుడు పదార్థాలు వంటి అనేక ఒత్తిళ్లు నది మీద ఉన్నాయి. కావేరి నేర్పిన పాఠం వేరు: ఎన్ని అన్నది మాత్రమే లెక్కపెట్టి, ఏవి అన్నది లెక్కపెట్టకపోతే, నిండుగా ఉన్న నది కూడా తన సొంత బిడ్డను పోగొట్టుకొంటుంది.

నిషేధం వచ్చాక

ఆ శిబిరాలు కావేరి వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోనివి. వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్ట్యా అభయారణ్యంలో వినోదపు వేటకు తావులేదన్న కారణంతో 2012 నాటికి అక్కడ గాలం ఆగిపోయింది. చట్టం దృష్టిలో ఇది సబబే. పట్టి విడిచినా వేట వేటే. అయితే గాలంతో పాటు ఆ చిట్టా కూడా ఆగిపోయింది. కాపలా కాసిన వారి ఉపాధి పోయింది. వేట మేలా, నిషేధం మేలా అన్న వాదం నేటికీ ఉన్నది. ఇందులో ఎవరి పక్షం వహించినా ఒక్క మాట కాదనలేరు: గాలం ఆపిన చోట లెక్కకు మరొక మార్గం చూపి ఉండవలసింది.

ఆ మార్గాలను కొత్త శాస్త్రం ఇస్తున్నది. వాటిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది గుర్తు చిప్ప. వడ్లగింజ కంటె కొంచెం పెద్దదైన ఈ చిప్పను చేప శరీరంలో ఉంచుతారు. దీనికి బ్యాటరీ అవసరం లేదు. చదివే పరికరాన్ని దగ్గరకు తెచ్చినప్పుడు తన సంఖ్యను చెబుతుంది. అదే చేప మళ్లీ దొరికితే ఎంత పెరిగినదో, ఎక్కడ నుండి ఎక్కడకు వచ్చినదో తెలుస్తుంది.

రెండవది రేడియో గుర్తు. దీనికి చిన్న బ్యాటరీ ఉంటుంది. గట్టుమీద యాంటెన్నా పట్టుకొని చేప జాడ తీయవచ్చు. భూటాన్ నదులలో బంగారు మహసీరుకు ఇటువంటివి అమర్చి, గుడ్లు పెట్టడానికి అవి ఏ ఉపనదులకు పోతున్నవో తెలుసుకొన్నారు. చేప పోయే దారి తెలిస్తే, ఆనకట్ట ఎక్కడ కట్టకూడదో చెప్పవచ్చు.

మూడవది నీటి డీఎన్ఏ పరీక్ష. ప్రతి చేపా తన జిగురును, పొలుసు రజనును, మలాన్ని నీటిలో విడుస్తుంది. ఒక సీసా నీటిని వడగట్టి, ప్రయోగశాలలో పరీక్షిస్తే ఆ నీటిలో ఏ జాతులున్నవో తెలుసుకోవచ్చు. గాలం లేదు, వల లేదు, చేపకు గాయం లేదు. ఎన్ని ఉన్నవో ఖచ్చితంగా చెప్పలేకున్నా, ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు అభయారణ్యంలో కూడా సమాధానం తేగల సాధనమిది.

పల్లెల్లో ఆచరించవలసినవి

ఈ చర్చ శాస్త్రవేత్తలకే పరిమితం కాదు. నగరాల నుండి కార్లలో వచ్చే సరదా వేటగాళ్లు, వారి వీడియోలు చూసి రీలుకర్రలు కొనుక్కొన్న పల్లె యువకులు ఇప్పుడు ఒకే గట్టున నిలబడుతున్నారు. కనుక ఇంట్లోని పెద్దలు పిల్లలకు కొన్ని విషయాలు చెప్పవలసి ఉన్నది.

ముందుగా, ఆ నీరు ఎవరి పరిధిలోనిదో తెలుసుకోవాలి. కర్ణాటక వైపు కావేరి అభయారణ్యం, తమిళనాడు వైపు 2014లో ఏర్పడిన కావేరి ఉత్తర అభయారణ్యం, 2022లో ఏర్పడిన కావేరి దక్షిణ అభయారణ్యం ఉన్నాయి. నది మధ్యలో సరిహద్దు గీత కనిపించదు. చట్టానికి మాత్రం కనిపిస్తుంది. చెరువులు, జలాశయాలలో చేపల హక్కు మత్స్యకార సంఘాలకు గాని, గుత్తదారులకు గాని ఉండవచ్చు. వారి అనుమతి లేకుండా గాలం వేయడం వారి కూటిని కాజేయడమే.

రెండవది, పేలుడు పదార్థాలతో గాని, విషంతో గాని చేపలు చంపడం 1897 నాటి భారత మత్స్య చట్టం కాలం నుండే నేరం. ఇన్వర్టరు, బ్యాటరీ తీగలతో నీటికి విద్యుత్తు పెట్టడం ఆనాటివారు ఊహించని కొత్త విద్య. ఇది పెద్ద చేపనే కాక పిల్లను, కప్పను, కొన్ని సందర్భాల్లో తీగ పట్టిన మనిషిని కూడా పొట్టనపెట్టుకొంటుంది. కొత్త పరికరమంటే అన్నీ ఖరీదైనవే కావు. అన్నిటికంటె హానికరమైనది ఇంట్లోని బ్యాటరీతోనే తయారవుతున్నది.

మూడవది, విడిచిపెట్టదలచిన చేపను బ్రతికేటట్లు విడవాలి. కావేరిలోని నీలిరెక్కల మహసీరు మీద 2016లో ప్రచురితమైన పరిశోధనలో, గట్టునే రక్తపరీక్ష చేసే చిన్న పరికరాలను వాడి చేప అలసటను కొలిచారు. జాగ్రత్తగా పట్టి విడిచిన చేపలలో చాలావరకు బ్రతికాయి. లాగులాట ఎక్కువసేపు సాగినప్పుడు, చేప గాలిలో ఉన్నప్పుడు దానికి శ్రమ పెరిగింది. కనుక ముల్లులేని గాలం వాడాలి. చేతులు తడిపి పట్టాలి. ఫోటో తీయవలసి వస్తే చేపను నీటి ఒడ్డునే, క్షణాల్లో తీసి విడవాలి. పొడిచేత్తో రుద్దితే చేపను కాపాడే జిగురు ఊడిపోతుంది.

నాలుగవది, ఫోటో తీసినప్పుడు రెక్కల రంగు, వీపు ఆకారం, పొడవు తెలిసేలా తీసి, తేదీతో భద్రపరచాలి. ఊరి బడిలో ఒక నోటుపుస్తకం ఉంచి, ఏ నెలలో ఏ చేప కనిపించినదో, ఏ చేప కనిపించడం మానినదో పిల్లలచేత రాయించవచ్చు. తెలుగులో ఒక పేరు, కన్నడంలో ఒక పేరు, తమిళంలో ఒక పేరు ఉన్న చేపకు మూడు పేర్లనూ పక్కపక్కన రాయగల పిల్లలు సరిహద్దు బడుల్లోనే ఉంటారు. చోటును మాత్రం వీడియోలో బయటపెట్టకపోవడం మేలు.

నీటిలోకి చూడగల యంత్రాన్ని మళ్లీ పెట్టెలో పెట్టి మూయడం ఎవరి తరమూ కాదు. చేపకు ఇంతకాలం లోతు ఇచ్చిన చాటును ఇక మీదట నియమం ఇవ్వాలి. ఆ నియమానికి ఆధారం ఓపికగా, నిజాయితీగా రాసిన లెక్క. గాలిబోరెలో ఎవరో సాయంత్రం దీపం ముందు కూర్చొని రాసిన అంకెలే, కనుమరుగవుతున్న చేప సంగతిని లోకానికి తెలిపాయి. అటువంటి పుస్తకం ప్రతి నదికి, ప్రతి చెరువుకు ఉండటం అవసరం. దానిని తెరవడానికి చివరి చేప కోసం వేచి ఉండనక్కరలేదు.